అద్దె పలక కింద నిమ్మకాయ

అండమాన్, 2009 జనవరి, మంగళవారం రాత్రి

గుండె ఆపరేషన్ అయినప్పటి నుంచి మేడమెట్లు ఎక్కడానికి కూడా నా భుజం పట్టుకునే మా ఆయన, ఈ రోజు సముద్రం మీద నిలబడి తెడ్డు వేసే పలకను అద్దెకు తీసుకున్నారు.

"డాక్టరు నడవమన్నాడు గానీ, నీళ్ళ మీద నడవమన్నాడా?" అన్నాను.

"నాకు మెట్లంటే భయం, నీళ్ళంటే కాదు. ఊరికే ఉండు మే."

కొత్త బండి కొంటే కాణిపాకంలో పూజ చేయించందే నడపని ఇల్లు మాది. అద్దెదైనా బండి బండే. ఓడలో వాంతులకని తెచ్చుకున్న నిమ్మకాయను పలక ముందు పెట్టి, పలకకు కుంకుమ బొట్టు పెట్టి, కాయ మీదుగా నీళ్ళలోకి తోయించాను. అద్దెకిచ్చినామె నోరు తెరుచుకుని చూసింది. ఆయన మాత్రం చెప్పులు విడిచి, పలకకు దండం పెట్టి మరీ ఎక్కారు.

మోకాళ్ళ లోతు నీళ్ళలో రెండుసార్లు పడ్డారు. మూడోసారి లేచి నిలబడినప్పుడు నా భుజం కోసం చూడలేదు. సంతోషించాల్సిందే. భుజం మాత్రం ఎందుకో వెలితిగా ఉంది.

"రేపు నువ్వు ఎక్కల్ల మే. నేను పట్టుకుంటా ఉంటాలే," అని చెప్పి నిద్రపోయారు.

ఈ వయసులో, చీరకట్టుతో, పలక మీద...

సంచిలో ఇంకో నిమ్మకాయ ఉంది.