పన్నెండు కిటికీల పెట్టెలు

గోడకి ఇవతలి నుంచి,
మంగళవారం మధ్యాహ్నం.

చిరంజీవి చిన్నోడికి మీ బావ ఆశీర్వదించి రాయునది.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం పద్ధతి. ఇక్కడ కుశలం లేదు కాబట్టి నీ వైపు సగం మాత్రమే కోరుకుంటున్నాను. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరాలేమిటని నవ్వుకుంటావేమో. నేను తలుపు తడితే తీయవు, మీ అక్క పిలిస్తే పలకవు. కాగితమైతే ఎదురు మాట్లాడదు కదా అని చదువుతావని ఆశ. బస్సు తీసుకుని దూరం డ్యూటీకి వెళ్ళావనీ, గురువారానికి గానీ రావనీ కింది వాటా దర్జీ చెప్పాడు.

గోడ ఇవతల రోజూ గరగరమని రంపం చప్పుడు వస్తోందని, మా బావ ఎలుకలకి వడ్రంగం నేర్పుతున్నాడా అని నువ్వు అతనితో అన్నావట. తలుపు కింద సందులో గుడ్డలు కూడా కుక్కావట. ఎలుకలు కాదు నాయనా, నేనే. పెద్దోడి కోసం బొమ్మ రైలు పెట్టెలు కోస్తున్నాను.

మీ అన్న ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఉద్యోగమంతా రైలు పెట్టెలు కడుతూ పీల్చిన రంగూ దుమ్మూ ఇప్పుడు పైకి తేలాయి. డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, ఆయన ఏం అడిగితే అది పెట్టండి అన్నాడు. అంతకంటే విడమరిచి చెప్పమని నేను అడగలేదు. చెవులు ఎప్పుడో పోయాయని నీకు తెలుసు. రివిట్లు కొట్టే షెడ్డులో చెవులు మిగిలినవాడు ఎవడు? ఇప్పుడు చెవిలో నోరు పెట్టి అరిస్తేనే అందుతోంది. మేం గుసగుసలాడుకుంటే వీధి వీధంతా వింటోంది.

ఏం కావాలిరా అని మీ అక్క అరిచి అడిగింది. ఏ తీపి వస్తువో అంటాడనుకుంది. వాడు బల్ల మీద ఉన్న బొమ్మ రైలు చూపించి, ఆ పెట్టెకి ఎనిమిది కిటికీలే ఉన్నాయి, నేను కట్టినవాటికి పన్నెండు, మిగతా జనాన్ని ఎక్కడ దింపేశారు అన్నాడు.

కాస్త పక్కదారి పడతాను, ఓర్చుకో. నేను బడికి పోయింది తక్కువ. గడియారాలు బాగుచేసే కొట్లో కుదిరి, డబ్బాల్లో వచ్చే కాగితాలు కూడబలుక్కుని చదువు నేర్చినవాణ్ణి. నీటిలో ముంచరాదు అన్నది నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం. జీవితంలో చాలా చోట్ల పనికొచ్చింది, మీ అన్నదమ్ముల మధ్య తప్ప. అలాంటి నాకు ఈ ముసలితనంలో తెలిసిందేమంటే, బొమ్మ రైళ్ళు చేసేవాళ్ళు పెట్టెల నడుములు కోసేసి అమ్ముతారు. కొనేవాళ్ళ బల్లలు చిన్నవి, మలుపులు ఇరుకు. నిజమైన నిడివి పెడితే పెట్టె తిరగదు. పొడవు తగ్గించినవాళ్ళు ఎత్తు తగ్గించారా అంటే అదీ లేదు. బురదలో బట్టలెత్తి పట్టుకుని నడిచే మనిషిలా చక్రాల మీద ఇంతెత్తున నిలబడి ఉంటుంది. పెట్టెకీ పెట్టెకీ మధ్య ఒక ఏనుగు పడుకునేంత సందు. వాడు ఇన్నేళ్ళూ దాన్ని చూస్తూ ఎలా ఊరుకున్నాడో!

వాడి చేతులు వణుకుతున్నాయి. అందుకని వాడు చెప్పడం, నేను కోయడం. రెండు పెట్టెలు తీసుకుని, ఒకదాన్ని ఈ చివర, రెండోదాన్ని ఆ చివర, ఆరేసి కిటికీలు మిగిలేట్టు కోయాలి. పెద్ద ముక్కలు రెండూ కలిపి అతికితే పన్నెండు కిటికీల పెట్టె ఒకటి వస్తుంది. రెండు చస్తే ఒకటి పుడుతుందన్నమాట. అతుకు అరగదీసి, లప్పం పెట్టి, రంగు వేసి చూపిస్తే, వాడు గోటితో అతుకు వెతుకుతాడు. గోరు తగిలిందా, మళ్ళీ అరగదీయాలి. గడియారాల పనిలో నన్ను ఒక్కడూ అలా ఏడిపించలేదు. ఆఖరికి చక్రాల మీద పెట్టెని కిందికి దించాను, కొక్కేలు పొట్టి చేసి దగ్గర దగ్గరగా తగిలించాను. మొత్తం ఐదు, చివరిది గార్డు పెట్టె. బల్ల మీద వరసగా నిలబెడితే, పెద్దోడు చాలాసేపు చూసి, ఇదిరా రైలంటే అన్నాడు. నన్నో, నిన్నో తెలియలేదు. నన్ను ఎప్పుడూ రా అనలేదు వాడు.

ఇక అసలు సంగతి. ఆ రైలు తిరగడం లేదు.

నువ్వు మర్చిపోయి ఉండవు. ఈ బల్ల ఒకప్పుడు ఈ గదంతా ఉండేది. మీరిద్దరూ చిన్నప్పుడు వేసిన పట్టాలు హాయిగా ఇంత వెడల్పున తిరిగేవి. తర్వాత ఇల్లు పంచుకున్నారు. తప్పెవరిదో నాకిప్పటికీ తెలియదు. మీ అక్కకి తెలుసు, రోజుకొకరిదని చెబుతుంది. గోడ గీత సరిగ్గా బల్ల మీదుగా వచ్చింది. బల్ల తీస్తారా అని మేస్త్రీ అడిగితే ఇద్దరూ పలకలేదు. వాడు రంపం తెప్పించి బల్లని రెండు ముక్కలు చేసి, మధ్యలో గోడ లేపి, మీ ఇద్దరి మొహాలూ చూడకుండా వెళ్ళిపోయాడు. అప్పటినుంచి పెద్దోడు గోడ వారన పట్టాలని గబుక్కున మడిచి, తన సగంలోనే తిప్పుకుంటున్నాడు. పొట్టి పెట్టెలు ఆ మడతలో తిరిగేవి. ఈ పొడుగు పెట్టె అక్కడికి రాగానే నడుము లోపలికి పోతుంది, మూలలు బయటికి తన్నుకొస్తాయి, పట్టాలు తప్పి పక్కకి ఒరిగిపోతుంది. మూడుసార్లు చూశాం. నాలుగోసారి వద్దన్నాడు.

వెడల్పు మలుపు నీ సగంలో ఉంది. వాడు అడుగుతున్నది నిన్ను కాదు, నీ వాటా కాదు. బల్ల ఎత్తున గోడలో రెండు ఇటుకలు. ఒక కన్నంలోంచి రైలు నీ వైపు వస్తుంది, నీ మలుపు తిరిగి రెండో కన్నంలోంచి ఇవతలికి వచ్చేస్తుంది. ఒక్కసారి. ఆ తర్వాత ఇటుకలు నేనే పెట్టి సున్నం కొట్టిస్తాను. సరే అని ఒక్క ముక్క దర్జీతో చెప్పు చాలు. త్వరగా చెప్పు.

ఇట్లు,
నీ మేలుకోరే
బావ

తా.క. గురువారం ఉదయం.

ఈ కాగితం నీ తలుపు కింద దూరలేదు. నువ్వు కుక్కిన గుడ్డలు గట్టివి. దర్జీకి ఇద్దామని జేబులో పెట్టుకున్నాను. ఈలోగా నిన్న పెద్దోడికి ఊపిరి అందడం కష్టమైంది. మాట రాక కళ్ళతోనే గోడ చూపించాడు. నీ జవాబు కోసం ఆగలేదు. ఉలి పెట్టి రెండు ఇటుకలూ తీసేశాను.

కన్నంలోంచి చూశాను. నీ వైపు బల్ల లేదు. బల్ల ఉండాల్సిన చోట ఖాళీ నేల, తాడు మీద నీ యూనిఫారం చొక్కా, గోడకి ఆనించిన పాత టైరు. ఎప్పుడు తీసేశావో నేనడగను. నీ వాటా, నీ ఇష్టం.

కాస్త తేరుకుని, పట్టాలున్నాయా బావా అని పెద్దోడు మంచం మీంచి అడిగాడు. దగ్గరికెళ్ళి చెవిలో ఉన్నాయని అరిచాను. తుప్పు పట్టాయా అన్నాడు. లేదయ్యా, చిన్నోడు తుడిచి ఉంచాడని ఇంకా గట్టిగా అరిచాను. మీ అక్క నా మొహం చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాడు గార్డు జెండా చూపినట్టు చెయ్యి కాస్త ఎత్తాడు.

పట్టాలు కన్నం దాకా జరిపి స్విచ్ వేశాను. ఒక్క పెట్టె కూడా తొణకలేదు. నీట్లోకి పాము దిగినట్టు గోడలోకి వెళ్ళింది. అవతల ఇంజను పడుతూ మొదటి పెట్టెని లాగింది, అది రెండోదాన్ని. దగ్గరగా తగిలించిన కొక్కేలు కదా, ఒక్కటీ విడవలేదు. ఇంజనుతో కలిపి ఆరు చప్పుళ్ళూ నాకు వినపడ్డాయి. వాడికి వినపడలేదు.

రెండో కన్నం వైపు తల తిప్పుకుని చూస్తూ ఉన్నాడు. ఇంకా రాలేదేం అన్నాడు. సిగ్నల్ పడలేదని చెవిలో అరిచాను. కాసేపటికి మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను. అప్పుడు నవ్వాడు. చిన్నోడు ఆపి ఉంటాడు, బస్సు డ్రైవరు బుద్ధి ఎక్కడికి పోతుంది, చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ ఎక్కించుకుంటున్నాడు అన్నాడు. ఆ తర్వాత అడగలేదు. చీకటి పడేలోపే పోయాడు. కళ్ళు మూద్దామని వంగితే అవి ఆ కన్నం మీదే ఉన్నాయి.

నువ్వు వచ్చేదాకా ఉంచుతాం. ఈ ఉత్తరం నీ తాళానికి గుచ్చుతున్నాను. తలుపు తీశాక కాలు చూసుకుని వెయ్యి, రైలు నీ నేల మీద ఉంది. ఇంజను పగిలి ఉంటుంది, పోనీ. పెట్టెలు ఏరి, గార్డు పెట్టె చివర వచ్చేట్టు, రెండో కన్నంలోంచి ఒక్కొక్కటే ఇవతలికి తొయ్యి. ఏం మాట్లాడక్కర్లేదు. కన్నం దగ్గర చెయ్యి చాపుకుని కూర్చుని ఉంటాను.