అయిదో వరుస

తమ్ముడికి అక్క దీవెనలు. మోకాళ్ళను లెక్కలోంచి తీసేస్తే నేను క్షేమం. నా కుట్టుమిషను క్షేమం. కింద టైర్ల దుకాణం అతనూ, అతని నోరూ క్షేమమే. నువ్వూ మరదలూ, మీరు కాపురం పెట్టిన ఆ కొండా కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఇది మూడోసారి నువ్వు ఆ కట్ట గురించి అడగడం. కుర్ర వయసులో ఇక్కడ నా గదిలో రాసి, రేకు పెట్టెలో వదిలి వెళ్ళిన కవితల కట్ట దొరికితే తప్ప, నీ కవితలన్నీ కలిపి వేసే పుస్తకం పూర్తి కాదన్నావు. దానికి జవాబు రాస్తాను. ముందు మిగతావి రాయనీ. చెయ్యి కుదురుకోవాలి.

పొద్దున్నే మంచు గుమ్మం దాకా వచ్చి నిన్ను పలకరిస్తోందని రాశావు. పలకరిస్తే పలకరించనీ, నువ్వు మాత్రం తలకి గుడ్డ కట్టుకో. నీకు చిన్నప్పటి నుంచీ మంచు పడదు. బయట రాయి మీద కూర్చుని రాసుకుంటున్నానన్నావు. ఆ రాయి కింద ఏముందో చూసే కూర్చుంటున్నావా? అది చదివిన దగ్గర్నుంచీ నాకు అదే ఆలోచన. బల్లి కనపడితే నా మంచం ఎక్కి అరిచినవాడివి, ఇప్పుడు పాముల అందం మీద ఆరు పేజీలు రాశావట. ప్రకృతి మీద నీకంత ప్రేమ ఎప్పుడు పుట్టిందో నాకు తెలుసు నాయనా, దోమతెర కొనుక్కున్నాక.

కోయిల కూడా కూయని ఆ ఊళ్ళో ఎలా బతుకుతున్నావక్కా అని అడిగావు. ఎందుకు కూయదు? టైర్ల దుకాణం రేకుల కప్పు మీద కూర్చుని తెల్లారకుండానే మొదలుపెడుతుంది. కింద అతను గాలి పంపు పెడితే దానికి పౌరుషం వచ్చి గొంతు ఇంకా పెంచుతుంది. నగరానికి వచ్చిన కోయిల గుండె పగిలి చచ్చిందని నీ పుస్తకంలో రాశావు. ఇక్కడిది చావలేదు సరికదా, పిల్లల్ని కాకి గూట్లో వదిలేసి హాయిగా పాడుకుంటోంది. దాన్ని చూస్తే నాకు నువ్వే గుర్తొస్తావు.

నీ పుస్తకం మీద సభ ఎలా జరిగిందని అడిగావు. ఇక్కడి గ్రంథాలయంలో జరిగింది. కవి గారి అక్కనని నాకు ముందు వరుసలో కుర్చీ వేశారు. ఒక లెక్చరరు గంటసేపు మాట్లాడాడు. నగరానికి ఆత్మ లేదని నువ్వు తేల్చేశావట. ఆ మాట ఫ్యాను కింద నిలబడి, నగరం కుళాయి నీళ్ళు తాగుతూ చెప్పాడు. మాట్లాడినంతసేపూ అతని చొక్కా గుండీ ఒకటి దారానికి వేలాడుతూనే ఉంది. ఎప్పుడు రాలుతుందోనని నా ప్రాణం దాని మీదే ఉంది, ఇంకేం చెప్పాడో వినలేదు. చివర్న నన్ను అడిగాడు.

"ఏమ్మా, మీ తమ్ముడి పుస్తకంలో మీకు బాగా నచ్చిందేది?"

"అట్ట," అన్నాను. "గట్టిగా ఉంది."

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వించడానికి అనలేదు నేను.

తరవాత వారం నీ పుస్తకం వేసేవాళ్ళ మనిషి వచ్చాడు, కట్ట వెతకడానికి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, దణ్ణం పెట్టినంత పని చేశాడు.

"ఇక్కడేనామ్మా ఆయన రాసింది?"

"ఇక్కడే. నువ్వు నిలబడ్డ చోట ఇస్త్రీ బల్ల ఉండేది. దాని కింద పడుకునేవాడు."

"ఈ కిటికీలోంచేనా ఆకాశాన్ని చూసేవారు?"

"అందులోంచి పక్కింటి గోడ కనపడుతుంది. ఆకాశం కావాలంటే తల బయటపెట్టి మెడ విరుచుకోవాలి."

అది కూడా రాసుకున్నాడు, పిచ్చి మారాజు. మంచం కింద నుంచి పెట్టె లాగడానికి టైర్ల అతన్ని పిలిచాను. అతను లాగుతూ లాగుతూ, "అమ్మగారూ, మీ తమ్ముడు గారు అస్తమానం మేఘాలకి రాస్తుంటారట కదా, ఒక్క మేఘమైనా జవాబు రాసిందా?" అన్నాడు. నేను కసిరాను. నిన్ను అనేదేదైనా ఉంటే నేను అనాలి గానీ, ఊళ్ళోవాళ్ళు ఎందుకు అనాలి?

ఆ మనిషి పెట్టెలో తల దూర్చి అడుగు దాకా వెతికాడు. పాత దుప్పటీ, నీ బడి సర్టిఫికెట్టూ దొరికాయి.

"కాగితాలేమయ్యాయమ్మా?"

"చెదలు తినేసి ఉంటాయి," అన్నాను. రేకు పెట్టెలో చెదలేమిటని అతను అడగలేదు. నువ్వు అడుగుతావు.

చెదలు కాదు తమ్ముడూ. నేనే.

ఆ కాగితాలు కత్తిరించాను. బడిపిల్లల కోట్లకి కొలత కాగితాలు చేసుకున్నాను. నువ్వు చూసేవాడివి కదా, కాగితాన్ని చెయ్యి ముక్కలాగా, వీపు ముక్కలాగా కత్తిరించుకుని, గుడ్డ మీద పెట్టి చుట్టూ సుద్దతో గీస్తాను. పాత పేపరైతే పది కోట్లు కుట్టేసరికే చిరిగిపోతుంది. నీ కాగితాలు దళసరివి. నీకని నేను ఏరి కొన్నవే. జిగురుతో అతికించి, ఒకదానికొకటి కలిపి కత్తిరించాను. ముప్ఫై నాలుగేళ్ళు నిలిచాయి. నీ వాన చంక దగ్గర ముక్కయింది. నదిని రెండు చేతులకీ సరిపెట్టాను. వెన్నెల మరీ ఎక్కువ ఉంది, వీపులన్నిటికీ దాన్నే వాడాను. ఆ మనిషి పెట్టెలో వెతుకుతున్నంతసేపూ అవి వెనక మేకుకి వేలాడుతూ అతని వీపుకి తగులుతూనే ఉన్నాయి. ఒకసారి చేత్తో పక్కకి నెట్టాడు కూడా.

తెలియక చేశానని నీకు రెండు ఉత్తరాలు రాశాను. రెండూ చింపేశాను. తెలిసే చేశాను.

నువ్వు ఉద్యోగానికి వెళ్ళిన ఏడాది, బెంగ పట్టి కట్ట విప్పాను. నీ రాత చూసుకుందామని. అప్పట్లో నాది కూడబలుక్కుని చదివే చదువే కదా. పైన ఉన్నదాంట్లో యంత్రం అన్న మాట కనపడింది. నా మిషను గురించే రాశాడు నా తమ్ముడు అని మురిసిపోయాను. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదివాను. ఈ చప్పుడు నగరం పళ్ళు కొరికే చప్పుడని రాశావు. పిట్టల పాటను నమిలి ఉమ్మేస్తోందని రాశావు. నాలుగు వరుసలు చదివాను. ఆ చప్పుడే నిన్ను చదివించింది, నీకు చొక్కా తొడిగింది. దాన్ని తిట్టడానికి నీకు సిరా కొనిపెట్టింది కూడా అదే. అయిదో వరుస చదవలేదు. కత్తెర తీశాను. మొట్టమొదట ఆ కాగితాన్నే కాలరు ముక్కగా కత్తిరించాను.

నీ మూడో ఉత్తరం వచ్చాక అన్నీ మేకు మీంచి దించి బల్ల మీద పరిచాను. నాలుగు రోజులు కుట్టు పని మానేసి చదివాను, నా మిషను ఇంకెక్కడైనా ఉందేమోనని. లేదు. కొండలున్నాయి, అప్పటికి నువ్వు ఒక్క కొండయినా ఎక్కలేదు. సముద్రం ఉంది, నీకు బకెట్లో నీళ్ళంటేనే భయం. తొమ్మిదేళ్ళు నా మోకాలికి బారెడు దూరంలో కూర్చుని, కంటికి కనపడనివన్నీ రాశావు. ఏం కళ రా అది?

కాలరు ముక్క చివర్న చూశాను. అయిదో వరుస సగం మిగిలి ఉంది. 'ఈ చప్పుడు ఆగిన రోజు నేను' అని ఉంది. అక్కడ మెడ వంపు వచ్చింది. మిగిలింది ఆ రోజే చీపురుతో ఊడ్చి పారేశాను.

ముక్కలన్నీ సర్ది పార్సెలు కట్టాను. రేపు టైర్ల అతను పోస్టాఫీసులో ఇచ్చి వస్తాడు. అతికించుకో, పోయిన మాటలు గుర్తున్నంత వరకు నింపుకో. కోపం వస్తే తిట్టు, మరదలి చేత తిట్టించు. ఉత్తరం రాయడం మాత్రం మానకు. నీ ఉత్తరం లేకపోతే పోస్టుమాన్ నా మెట్లెక్కే పనే లేదు.

కాలరు ముక్క ఒక్కటి పంపడం లేదు. ఆ చప్పుడు ఆగిన రోజు నువ్వేమవుతానన్నావో రాయి, అప్పుడు పంపుతాను. పీడ వదిలి హాయిగా నిద్రపోతానని రాసి ఉంటే అదే రాయి, పడతాను. గుర్తు లేకపోతే లేదనే రాయి. నా మనసు నొచ్చుకుంటుందని కొత్తగా కల్పించి మాత్రం రాయకు. నువ్వు కల్పిస్తే అందులోకి చంద్రుడు వస్తాడు, ఇట్టే పట్టేస్తాను.

ఇట్లు,
ఇంకా మిషను తొక్కుతూనే ఉన్న
నీ అక్క