వార్డంతా నిద్రపోయిన మధ్యాహ్నం

అమ్మా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నర్సింగ్‌లో పీహెచ్‌డీకి సీటొచ్చిందని చెప్పినప్పుడు, "నర్సువైతివి గద బిడ్డా, ఇంక ఏం సదువే?" అని నవ్వావు. ఆ తర్వాత కొన్నాళ్లకే దవాఖానలో చేరావు. అక్కడ నిన్ను నొప్పి కన్నా నిద్రలేమే ఎక్కువ బాధపెట్టింది. కాస్త కునుకు పట్టేసరికి సూదితోనో మాత్రతోనో ఎవరో ఒకరు వచ్చి లేపేవారు. అందుకే రోగుల నిద్ర మీదే పరిశోధన చేస్తున్నాను.

ఇవాళ మాదాపూర్‌లో నేను పనిచేసే దవాఖానలో, మా వార్డులో తొలిసారి మధ్యాహ్నం ఒక గంట ఎవరినీ లేపకుండా చూశాం. తెరలు దించేశాం, మందుల బండి ఆపేశాం. ఎదుటి అద్దాల మేడ మీది వెలుగు తెరల్లోంచి వచ్చి మంచాల మీద నీళ్లలా కదిలింది. ఒక్కొక్కరే నిద్రలోకి జారుకుంటుంటే వార్డంతా మెల్లగా ఎక్కడికో తేలిపోతున్నట్టనిపించింది.

మూల మంచం మీద ఒక క్యాబ్ డ్రైవర్ ఉన్నాడు. ఎలా ఉన్నాడని అతని భార్యను అడగబోతే, ఆమె నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"జర మెల్లగ మాట్లాడున్రి సిస్టర్. వచ్చినకాడికెళ్లి నిద్ర లేదు, ఇప్పుడే పండుకున్నడు."

పరిశోధన కోసం అడగవలసిన ప్రశ్నలన్నీ మానుకుని ఆమె పక్కనే కూర్చున్నాను. అతని గురక వింటూ, నువ్వు పోయాక మొదటిసారి, నేనూ హాయిగా కాసేపు నిద్రపోయానమ్మా.

నీ సుజాత