జోగమ్మ చోటు

1987 మార్చి 13, శుక్రవారం

ఇవాళ మా పదో తరగతి గ్రూప్ ఫోటో దిగాం. నా బెంచీలో కూర్చునే జోగమ్మ మాత్రం గంట కొట్టినా రాలేదు. ఇప్పపువ్వు రాలే రోజులు కదా, తెల్లారేసరికి ఏరకపోతే పశువులు తినేస్తాయి. ఏరడం అయ్యాక గూడెం నుంచి మణుగూరుకు నడిచి రావాలి.

ఆడపిల్లల వరుసలో నా పక్కన ఆమెకు చోటు వదిలాను. ఫోటోగ్రాఫర్ విసుక్కున్నాడు.

"పన్ను ఊడినట్టు గా సందేందమ్మా? దగ్గరికి జరుగుండ్రి."

నేను జరగలేదు. సందుకు అటుపక్క నిలబడిన విమల, రోజూ నాతో పోట్లాడేదే, అదీ జరగలేదు. ఆయనకు బస్సు టైమైంది. అట్లాగే ఫోటో తీసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం జోగమ్మ వచ్చింది. నున్నగా దువ్వి రిబ్బన్లు కట్టుకుంది. చేతులు ఇంకా ఇప్పపువ్వు వాసన వేస్తున్నాయి.

"అయిపోయిందా?" అంది. ఫోటోగ్రాఫర్ వెళ్ళిపోయాడని చెప్పాం. "నేనుంటే యాడ నిలబడేదాన్ని?" అని అడిగింది.

విమలే ముందు లేచింది. "రా, చూపిస్త."

మగపిల్లలతో సహా అందరం మళ్ళీ అవే వరుసల్లో నిలబడ్డాం. జోగమ్మ మా ఇద్దరి మధ్యకు వచ్చి జడలు ముందుకేసుకుంది. వరండాలోంచి చూస్తున్న హెడ్మాస్టరు గారు వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఎదురుగా ఖాళీ గ్రౌండు, అంతే.

పరీక్షలైపోతే ఆమె గూడెంలో, నేను బొగ్గుగనుల కాలనీలో. ఆ తర్వాత...

పొద్దున ఫోటోలో నేను కళ్ళు మూశాననుకుంటా. మధ్యాహ్నం మాత్రం రెప్ప వేయలేదు.