మన కంప్యూటర్‌లో ఆ గేమ్ నడుస్తుంది

బెంగళూరు,
ఆదివారం.

చిరంజీవి భూషణకు, అక్క అనిత ఆశీర్వదించి రాస్తున్నది.

నేను బాగున్నాను. మీరంతా బాగున్నారని ఫోన్‌లో వింటూనే ఉన్నాను. అయినా కాగితం మీద అడగకపోతే ఉత్తరం రాసినట్టు ఉండదు కాబట్టి అడుగుతున్నాను. నాయన మోకాలు ఎలా ఉంది? మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని పూటంతా కూర్చోవద్దని డాక్టరు చెప్పింది ఎవరైనా ఆయనకు గుర్తు చేస్తున్నారా? అమ్మ పంపిన చెనిక్కాయల పొడి అడుగంటింది. మా హాస్టల్ సాంబారులో బెల్లం వేస్తారు. ఆ పొడి లేకపోతే నాకు ముద్ద దిగదు. మళ్లీ కాస్త పంపమని చెప్పు. చలి బాగా ఉంది గానీ స్వెటర్ ఉంది, దిగులు పడవద్దను.

ఫోన్ చేయకుండా ఈ ఉత్తరం ఎందుకంటావేమో. మన ఇంట్లో ఫోన్ మోగితే అమ్మ స్పీకర్ పెడుతుంది, అందరూ చుట్టూ చేరతారు. ఇది ముందు నువ్వొక్కడివే చదవాలి. అందుకే నీ కంప్యూటర్‌కు పంపే గ్రాఫిక్స్ కార్డు పెట్టెలో, కార్డు కింద పెట్టి పంపుతున్నాను. ఆ పెట్టెను నువ్వు తప్ప ఎవరూ విప్పరు.

నేను పనిచేసిన గేమ్ మన కంప్యూటర్‌లో నడుస్తుందా అక్కా అని, అది విడుదలైనప్పటి నుంచీ అడుగుతున్నావు. చీరల డిజైన్లు గీయడానికి కొని, ఆటల కోసం నువ్వు రంగు లైట్లతో సహా ముస్తాబు చేసుకున్న కంప్యూటర్ అది. ర్యామ్ చాలదన్నాను. నువ్వు ర్యామ్ పెంచావు. ప్రాసెసర్ పాతదన్నాను. ఆఖరికి ధర్మవరం కరెంటుకు అంత పెద్ద గేమ్ ఆగదని కూడా అన్నాను. అన్నీ అబద్ధాలే. నీ ప్రాసెసర్ చాలు, ర్యామ్ చాలు, పవర్ సప్లై కూడా చాలు. తక్కువైంది కార్డు ఒక్కటే. అది కూడా గేమ్ నడవడానికి కాదు, బాగా కనబడటానికి.

పోయిన ఆదివారం నా మాట వినకుండా అన్ని సెట్టింగ్‌లూ తగ్గించి నువ్వే నడిపి, నాయనను పిలిచి చూపించావు. గేమ్‌లోని రాణి ఎర్రచీర కట్టుకుని తడబడుతూ మెట్లు దిగిందట. నాయన ఫోన్ తీసుకుని ఏమన్నాడో నువ్వూ విన్నావు.

"చీర బాగానే ఉండాది పాపా. అంచు యాడ?"

"అది సాదా చీర నాయనా, అంచు లేదు" అన్నాను.

"పట్టుచీరకు అంచు లేకుండా యాడైనా ఉంటాదా? ఈ ఇంట్లో పుట్టి నువ్వు నేర్చుకునింది ఇదేనా?"

ఆయన తిడుతుంటే నాకు ప్రాణం కుదుటపడింది. అలా కుదుటపడినందుకే ఈ వారమంతా నా మీద నాకు అసహ్యంగా ఉంది.

అంచు ఉంది భూషణా. సెట్టింగ్ తగ్గిస్తే మెషీన్ బట్ట మీది పనంతా చెరిపేసి ఉత్త రంగు చూపిస్తుంది. పెంచితే ప్రతి పోగూ కనబడుతుంది. ఆ అంచు నాయనది. హంసల అంచు.

దక్షిణాది పట్టు అంచు ఒకటి కావాలని మా టీమ్ లీడ్ అడిగాడు. నా ఫోన్‌లో నాయన నేసిన అమ్మ చీర ఫొటో ఉంది. ఎదురుగా పెట్టుకుని గీశాను. నాయనను అడగలేదు. అడగాలని తోచలేదంటే అది ఇంకో అబద్ధం. తోచింది, తర్వాత అడగవచ్చులే అనుకున్నాను.

నాయన కొంగు చివర ఏం చేస్తాడో నీకు తెలుసు. మగ్గం మీద డిజైను నడిపే, రంధ్రాలు కొట్టిన అట్టలను అక్కడ ఒక్కసారి వెనక్కి తిప్పి నేస్తాడు. ముందుకు నడిచే హంసల్లో ఆఖరిది ఒక్కటే వెనక్కి తిరుగుతుంది. ఎందుకని చిన్నప్పుడు అడిగితే, "ఇల్లిడిసి పోయేది ఏదైనా ఒకతూరి ఎనక్కి చూడాల పాపా" అన్నాడు. నేను దాన్ని కూడా గీశాను. టీమ్ లీడ్ చూసి, ఇదొక్కటి తప్పు పడింది, తీసేయ్ అన్నాడు. ఒక ముక్క గీస్తే చాలు, దాన్నే మెషీన్ చీరంతా పరుస్తుంది, అందులో వేరే పక్షి ఇమడదన్నాడు. అది తప్పు కాదు, మా నాయన గుర్తు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సరే సార్ అని చెరిపేశాను.

చీర కొంటానని వచ్చి, అమ్మ ఇచ్చిన కాఫీ తాగి, ఫొటో తీసుకుపోయిన మనిషి గుర్తున్నాడా? కొన్నాళ్లకు మన అంచు పవర్‌లూమ్ చీర మీద అంగట్లో వేలాడింది. నాయన దాని రంగు చూడలేదు, జరీ చూడలేదు. నేరుగా కొంగు చివర పట్టుకుని హంస కోసం వెతికాడు. లేదు. "అడిగింటే నేనే గీసిచ్చుంటి కదప్పా" అన్నాడు. ఆ రోజు ఆ మనిషిని ఇంట్లో అందరికన్నా ఎక్కువ తిట్టింది నేనే.

గేమ్ చివర పేర్ల పట్టిక చాలాసేపు నడుస్తుంది. మా ఆఫీసుకు ఈ పని ఇచ్చిన విదేశీ కంపెనీలో కాఫీ అందించినవాళ్ల పేర్లు కూడా ఉన్నాయి. మా ఆఫీసులో పనిచేసిన ఏ ఒక్కరి పేరూ లేదు. పేరు వేయలేదు గానీ, పాత మెషీన్లు మార్చినప్పుడు తలా ఒక కార్డు తీసుకుపొమ్మన్నారు. నీకు పంపుతున్నది అదే. హిందూపురం మీదుగా వచ్చే బస్సులో వేస్తున్నాను, పెట్టె నలిగి ఉంటే తీసుకునే ముందే చూసుకో.

కార్డు బిగించాక టెక్స్‌చర్ అనేది హైలో పెట్టు. తడబాటు ఉండదు. రాణి మెట్లు దిగే చోట ఆపి, నాయనను కుర్చీలో కూర్చోబెట్టు. కళ్లజోడు ఇవ్వు. నువ్వేమీ చెప్పవద్దు. ఆయన అంచు చూసి గుర్తుపడతాడు, వెంటనే కొంగు చివరికి చూస్తాడు. అక్కడ హంస వెనక్కి తిరిగి ఉండదు. ఎవడు ఎత్తుకపోయినాడని నిన్నే అడుగుతాడు. అప్పుడు నా పేరు చెప్పు. ఆ పట్టికలో ఎలాగూ లేదు, అక్కడైనా ఉండనీ.

నన్ను వెనకేసుకుని రావద్దు. ఉద్యోగం కదా నాయనా, చెప్పినట్టు చెయ్యాల కదా అనవద్దు. ఆ మాట నేనే వంద సార్లు అనుకున్నాను, ఒక్కసారి కూడా నిలబడలేదు.

అమ్మకు నా నమస్కారాలు ఉత్తరం చదవగానే చెప్పు. నాయనకు మాత్రం ఆ అంచు చూసిన తర్వాతే చెప్పు, ఆయన తీసుకుంటే.

అమ్మానాయనల ఆశీస్సులు కోరుతూ,
నీ అక్క,
అనిత