ఒంటిచెవి పాటలు

జూలై 9, 2013, మంగళవారం

స్లో ఫెర్రీస్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ వస్తోంది. తొమ్మిదేళ్ళ తర్వాత. పేరు ‘లో వాటర్’. సెప్టెంబర్ 17 రిలీజ్.

లంచ్ టైమ్‌లో ఫ్యాన్ ఫోరమ్‌లో చూశాను. 2004లో రెండో ఆల్బమ్ అయ్యాక ఆ నలుగురికీ మాటలు లేకుండా పోయాయి. డ్రమ్మర్ ఇంగ్లండ్‌లో ఏదో స్కూల్లో లెక్కలు చెబుతున్నాడని, పాడే అతను హల్ అనే ఊరి రేవులో పడవలకి రంగులు వేస్తున్నాడని ఫోరమ్‌లో ఎవరో రాస్తే చదివాను. ఇక లేదు అనుకున్నాను.

క్యూబికల్‌లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను. ముప్పై ఆరేళ్ళ మనిషిని. పక్క సీట్ అతను ఎలర్జీనా అని అడిగాడు. అవునన్నాను.

జూలై 11, గురువారం

MRI రిజల్ట్ వచ్చింది.

రెండు నెలలుగా ఎడమ చెవిలో హోరు, మెట్లు దిగుతుంటే తూలుడు. సైనస్ అనుకున్నాను. డాక్టర్ స్క్రీన్ మా వైపు తిప్పి చూపించింది. చెవి నుంచి మెదడుకి వెళ్ళే నరం మీద గడ్డ. క్యాన్సర్ కాదు. కానీ మూడున్నర సెంటీమీటర్లు ఉంది, పక్కనే మెదడుని నొక్కుతోంది. తీసెయ్యాలి. తీస్తే ఆ చెవి వినికిడి పోతుంది.

నా కుడి చెవి ఆరేళ్ళప్పుడు గవదబిళ్ళలకి పోయింది. ఉన్నది ఎడమదొక్కటే. ఆ సంగతి ఫైల్‌లో ఉంది. ఆ మాట చెప్పాక డాక్టర్ ఫైల్ మళ్ళీ తిరగేసింది. తర్వాత, కుడి చెవికి ఎప్పుడైనా ఇంప్లాంట్ పెట్టి చూడొచ్చంది. ముప్పై ఏళ్ళు పనిలేకుండా ఉన్న చెవి కాబట్టి ఏదీ ప్రామిస్ చెయ్యలేనంది. మాటలు కొన్ని అందొచ్చు, సంగీతం మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దంది.

సర్జరీ ఆగస్ట్ 6.

తిరిగి వస్తుంటే కావ్య డ్రైవ్ చేసింది. ఇద్దరం కలిసి వెళ్తే ఎప్పుడూ తనే డ్రైవ్ చేస్తుంది. నేను పక్క సీట్లో కూర్చుంటేనే నా ఎడమ చెవి తన వైపు ఉంటుంది. పెళ్ళైన కొత్తలో ఇది తనే కనిపెట్టింది. 

జూలై 12

ఆగస్ట్ 6. సెప్టెంబర్ 17. మధ్యలో ఆరు వారాలు.

జూలై 14, ఆదివారం

ఇది ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ రాసుకుంటాను.

2001లో MS కోసం అమెరికాలో ర్యాలీ సిటీకి వచ్చాను. క్లాసులో కుడివైపు గోడ పక్కన కూర్చునేవాణ్ణి. ప్రొఫెసర్ల యాస, ఒక్క చెవి. సగం అర్థమయ్యేది కాదు. రూమ్మేట్స్ నాకు పొగరు అనుకున్నారు, కుడివైపు నుంచి పిలిస్తే పలకనని. చెవి సంగతి చెప్పుకోవడానికి సిగ్గు.

పాటలు విన్నా అంతే. స్టీరియోలో గిటార్ కుడివైపు పెడితే నాకు గిటార్ లేదు. పాటంటే సగం తెరిచిన తలుపులోంచి చూడటమే అనుకునేవాణ్ణి. అందరికీ అలాగే వినపడుతుంది కాబోలు అని కూడా చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ ఏడాది థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పాత CDల షాపులో స్లో ఫెర్రీస్ మొదటి ఆల్బమ్ దొరికింది. కవర్ మీద పడవ బాగుందని కొన్నాను. ఎడమ ఇయర్‌ఫోన్ పెట్టుకుని బస్సెక్కాను. డ్రమ్స్, రెండు గిటార్లు, బేస్, పాట, వెనక ఎవరో దగ్గు. అన్నీ ఉన్నాయి. ఒక్కటీ తప్పిపోలేదు. కవర్ లోపల చూస్తే చిన్న అక్షరాల్లో ‘మోనో’ అని ఉంది. నలుగురూ ఒక షెడ్డులో ఒక్క మైక్ ముందు నిలబడి రికార్డ్ చేశారట. రెండు వైపులా ఒకటే వినపడుతుంది.

నా స్టాప్ దాటిపోయినా దిగలేదు. జీవితంలో మొదటిసారి ఒక పాట మొత్తం విన్నాను. ఇరవై నాలుగేళ్ళకి.

రెండో ఆల్బమ్ కూడా మోనోనే. ఆ తర్వాత వాళ్ళు ఆగిపోయారు.

జూలై 22, సోమవారం

చేశాను. ఆఫీస్ పార్కింగ్ లాట్ నుంచి సర్జరీ షెడ్యూలింగ్ డెస్క్‌కి ఫోన్ చేసి డేట్ మార్చమన్నాను. ఫ్యామిలీ రీజన్ అన్నాను. డాక్టర్ ఒప్పుకోవాలన్నారు. మధ్యాహ్నం డాక్టరే ఫోన్ చేసింది. ఇది తను రికమెండ్ చెయ్యనని, చూపు తేడా చేసినా మింగడం కష్టమైనా ఆ క్షణమే రమ్మని రెండుసార్లు చెప్పింది. సెప్టెంబర్ 24 ఇచ్చారు.

కావ్యకి వాళ్ళే మార్చారని చెప్పాను. డాక్టర్ సెలవులో వెళ్తోందన్నాను. కావ్య నమ్మింది. లీవ్ మళ్ళీ అప్లై చేసుకుంది.

జూలై 30, మంగళవారం

ఆల్బమ్ నుంచి ఒక పాట ముందుగా వదిలారు. కార్‌లో కూర్చుని నాలుగుసార్లు విన్నాను. పలచగా ఉంది. అతను ఒక లైన్ పాడి ఆగుతాడు, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు, మళ్ళీ పాడతాడు. మధ్యలో ఖాళీ.

గడ్డ పెరుగుతోందన్నమాట. చెవి అప్పుడే వెళ్ళిపోతోంది. ఇంకో ఏడు వారాలు ఆగితే చాలు.

ఆగస్ట్ 8, గురువారం, సాయంత్రం 7



కావ్య ఆఫీస్‌లో లేట్ అవుతుందంటే మా పాప నిధిని స్విమ్మింగ్ క్లాస్‌కి నేనే తీసుకెళ్ళాను. చాపెల్ హిల్ రోడ్ మీద రెడ్ లైట్ రెండైంది. ముందున్న కారూ రెండైంది. ఏది నిజమో తెలియలేదు. బ్రేక్ మీద కాలు పెట్టి పక్కకి తిప్పాను. రోడ్డు పక్క కర్బ్ ఎక్కి ఒక ఇంటి మెయిల్‌బాక్స్‌ని కొట్టి ఆగింది. నిధికి సీట్ బెల్ట్ ఒరుసుకుని భుజం ఎర్రగా కందింది, అంతే. ఏడేళ్ళ పిల్ల. ఏడవలేదు. నాన్నా, కార్ ఎందుకు గడ్డి మీదకి వచ్చాడు అని అడిగింది. దాని తెలుగులో కారు కూడా వాడే.

ఆ ఇంటి పెద్దాయన వచ్చి మంచినీళ్ళిచ్చాడు. మెయిల్‌బాక్స్ సంగతి వదిలెయ్ అన్నాడు.

ఆగస్ట్ 9, శుక్రవారం

కావ్య పొద్దున హాస్పిటల్‌కి ఫోన్ చేసింది. సర్జరీ ముందుకి జరపమని అడిగితే, డెస్క్‌లో అమ్మాయి, మేడమ్, పోస్ట్‌పోన్ చేయమన్నది మీ హజ్బెండే కదా అందట.

నిధిని స్కూల్ క్యాంప్‌కి పంపింది. తర్వాత నా ఎడమ పక్కకి కుర్చీ జరుపుకుని కూర్చుంది. కోపంలో కూడా ఎడమ పక్కకే వచ్చింది.

“ఎందుకు అబద్ధం చెప్పినవ్?”

ఆల్బమ్ గురించి చెప్పాను. మోనో గురించి, ఆ బస్సు గురించి కూడా. పదేళ్ళ కాపురంలో మొదటిసారి. తను అడ్డు రాకుండా విన్నది. చివరికి అడిగింది.

“ఏడు వారాలు ఆపినవ్ గద. ఆ ఏడు వారాలు నిధి గొంతు వినొచ్చని ఆపినవా?”

సర్జరీ డేట్ల గురించి ఏదో మొదలుపెట్టాను. తను ఆపింది.

“నిజం చెప్పు. అది యాదికొచ్చిందా నీకు?”

రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు. నిధి గొంతు పోతుందని, కావ్య గొంతు పోతుందని నాకు తెలుసు. కానీ నేను లెక్కేసుకున్న వారాల్లో వాళ్ళిద్దరూ లేరు. రాలేదనే చెప్పాను. ఇంకో అబద్ధం చెప్పే ధైర్యం లేదు.

తను లేచి బట్టలు మడతపెట్టడం మొదలుపెట్టింది. అరగంట తర్వాత వచ్చి, మంగళవారం స్లాట్ దొరికింది, కన్ఫర్మ్ చేశానంది.

ఆగస్ట్ 10, 11

ఏ పాటా వినలేదు. వినాలనిపించలేదు.

ఆగస్ట్ 12, సోమవారం, సాయంత్రం 5

సోఫాలో నిధి నా ఎడమ పక్కన కూర్చుని లైబ్రరీ పుస్తకం ఒకటి మొత్తం చదివి వినిపించింది. ఒక కుక్క తప్పిపోయి తిరిగొచ్చే కథ. ఇంగ్లిష్‌లో చదివి, ప్రతి పేజీకీ నాకోసం తెలుగులో చెప్పింది. “కుక్క చాలా శాడ్ ఉన్నాడు. వాడికి ఇల్లు కనబడలేదు.” ఎప్పుడూ సరిదిద్దేవాణ్ణి. ఇవాళ వదిలేశాను. ‘ళ’ ని ‘ల’ అంటుంది. ఊపిరి తీసుకునే ముందు చిన్నగా గుటక వేస్తుంది. అది ఏడేళ్ళలో ఇవాళే గమనించాను.

అయిపోయాక ఇంకోసారి చదవనా అంది. చదవమన్నాను.

కావ్య వంటగదిలోంచి వచ్చి మాతో కూర్చుంది. శుక్రవారం తర్వాత నా పక్కన కూర్చోవడం ఇదే మొదటిసారి. ఏమైనా చెప్పు అన్నాను. ఏం చెప్పాలె అంది. తర్వాత వాళ్ళ కరీంనగర్ ఇంటి ముందు చిన్నప్పుడు వరద నీళ్ళు వచ్చిన కథ చెప్పింది. చాలాసార్లు విన్నదే.

ఆగస్ట్ 21, బుధవారం

ఇంటికి వచ్చాను. గడ్డ మొత్తం తీశారు. ముఖం ఎడమవైపు కొంచెం జారింది, నెలల్లో సర్దుకుంటుందట.

వినికిడి లేదు. నిశ్శబ్దం అనుకున్నాను, అది కూడా కాదు. హోరు ఉంది. అది లోపలిది, బయట ఏమున్నా మారదు.

ఆగస్ట్ 30

నిధి నా కోసం వైట్‌బోర్డ్ మెడలో కట్టుకుని తిరుగుతోంది. ఇవాళ స్పెల్లింగ్ తప్పు రాసి చెరిపి మళ్ళీ రాసింది. అలా రాసేలోపు చెప్పాలనుకున్నది మర్చిపోయింది. ఏం లేదు అని తల ఊపి వెళ్ళిపోయింది.

అలా రోజుకి ఎన్ని పోతున్నాయో.

సెప్టెంబర్ 17, మంగళవారం

CD వచ్చింది. జూలైలో ఆర్డర్ చేశాను, క్యాన్సిల్ చెయ్యడం మర్చిపోయాను. పోస్ట్ అతను తలుపు దగ్గర పెట్టి వెళ్ళాడు.

ప్లేయర్‌లో పెట్టాను. సెకండ్ల అంకెలు మారుతున్నాయి. మొదటి పాట 4:12. రెండోది 3:40. అంకెలు చూస్తూ పది పాటలూ అయ్యేదాకా కూర్చున్నాను. ఇంత తెలివితక్కువ పని ఎప్పుడూ చెయ్యలేదు. వెనక్కి తిరిగితే కావ్య నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. వచ్చేది నాకు తెలియదు కదా.

ప్లేయర్‌లోంచి CD తీసుకుని వెళ్ళిపోయింది.

సెప్టెంబర్ 22, ఆదివారం

నాలుగు రోజులుగా కావ్య రోజూ గంట సేపు బెడ్‌రూమ్‌లో తలుపేసుకుంటోంది. నా మీద కోపం ఇంకా తగ్గలేదనుకున్నాను. ఇవాళ పసుపు రంగు లీగల్ ప్యాడ్ తెచ్చి ఒళ్ళో పెట్టింది. పద్నాలుగు పేజీలు, తెలుగులో. తనకి ఈ సంగీతం గురించి ఏమీ తెలియదు. విన్నది విన్నట్టు రాసింది.

“మొదటిది. పదకొండు సెకండ్లు ఊకె గాలి. తర్వాత గిటార్ వస్తది, తడి బట్ట పిండినట్టు. పాడేటాయన గొంతు పాత ఆల్బమ్‌ల కన్నా (అవి గూడ విన్న) ముసలిదైంది. నాకు ఇదే మంచిగనిపించింది.”

“నాలుగోది నాకు నచ్చలేదు. నీకు నచ్చుతదేమో. అబద్ధం రాయను.”

“ఏడోదానికి ఏడ్చిన. ఎందుకో రాయరాదు నాకు.”

జూలైలో నేను విన్న పాట రెండోది. దాని గురించి ఇలా ఉంది: “ఆయన ఒక లైన్ ఎడమ చెవిల పాడుతడు. ఒక ఆడామె కుడి చెవిల జవాబిస్తది. మళ్ళ ఆయన. మళ్ళ ఆమె. ఇద్దరు ఒక్కసారి గూడ కలిసి పాడరు.”

ఆ పేజీ మళ్ళీ చదివాను. CD కవర్ తెచ్చి భూతద్దంతో చూశాను. మోనో అని ఎక్కడా లేదు. ఈసారి పెద్ద స్టూడియోలో చేశారు. అంతా స్టీరియో.

ఆ ఖాళీ గడ్డ వల్ల కాదు. అక్కడ ఒకామె పాడుతోంది. సర్జరీ సెప్టెంబర్ దాకా ఆపుకుని ఉన్నా నేను వినేది సగమే. ఆ సగం కోసం నిధిని కార్‌లో ఎక్కించుకుని కర్బ్ ఎక్కించాను.

కావ్య మొత్తం నాకు రాసి ఇచ్చింది, రెండు చెవులతో విని.

ప్యాడ్ చివర థాంక్స్ అని రాశాను. తను పెన్ తీసుకుని దాని కింద రాసింది: “కోపం ఉంది ఇంకా. తగ్గినప్పుడు చెప్త.”

అక్టోబర్ 15, మంగళవారం

వాళ్ళు అమెరికా టూర్‌కి వస్తున్నారు. నవంబర్ 9, శనివారం, ర్యాలీ. ఇక్కడికి ఇరవై నిమిషాలు.

వెళ్దామా అని కావ్య బోర్డ్ మీద రాసింది. ఆలోచించాను. చీకట్లో నేను నిలబడలేను. సర్జరీ తర్వాత కళ్ళతో చూస్తేనే బ్యాలెన్స్. లైట్ ఆరితే గోడ పట్టుకోవాలి. జనం మధ్యలో పడితే లేవలేను.

నువ్వు వెళ్ళు అన్నాను. నేనొక్కదాన్నే ఏం చేస్తానక్కడ అంది, పెదవులు చూసి అర్థమైంది. ఈ మధ్య తన పెదవులు కొంచెం అందుతున్నాయి. నిధివి ఇంకా అందవు, పళ్ళు ఊడి వస్తున్నాయి.

ఒక్క టికెట్ బుక్ చేశాను.

అక్టోబర్ 29

కోపం తగ్గిందని చెప్పింది. బోర్డ్ మీద రాయలేదు. సింక్ దగ్గర నిలబడి, నా ముఖం తన వైపు తిప్పుకుని, నెమ్మదిగా చెప్పింది. ఒక్కసారికే అర్థమైంది.

నవంబర్ 9, శనివారం, సాయంత్రం 6

కావ్య బయల్దేరింది. జీన్స్, నా పాత గ్రే స్వెటర్. ఎక్కడ నిలబడాలి అని అడిగింది. స్పీకర్ల దగ్గర అన్నాను. అది తప్పు సలహా అని తర్వాత గుర్తొచ్చింది. అప్పటికే కార్ డ్రైవ్‌వే దాటింది.

నవంబర్ 10, ఆదివారం

పొద్దున కాఫీ టేబుల్ దగ్గర ఇద్దరం కూర్చున్నాం. కావ్య చెవులు ఇంకా హోరుమంటున్నాయట. దూది పెట్టినట్టుందని రాసింది. నేను నవ్వాను.

నిధి మెట్ల మీద నుంచి మమ్మల్ని మూడుసార్లు పిలిచిందట. ఇద్దరిలో ఎవ్వరం తిరగలేదు.