గందా నుస్ఖా

శామీర్‌పేట

తమ్ముడు మన్నాన్‌కు,

పెద్దాపా సలాం. అల్లా దయతో ఇక్కడ అందరం మంచిగున్నం. నువ్వు, మరియా, పిల్లలు గూడ మంచిగుండాలని ప్రతి నమాజుకు దువా చేస్తున్న.

మోకాళ్ల గురించి అడిగినవ్. కుర్చీల కూసొని నమాజ్ చదువుతున్న, నొప్పి తగ్గింది. మా పిలగాడు షారుఖ్‌కు జీడిమెట్లల పని పర్మనెంట్ అయింది. ఆదివారం గుండ్లపోచంపల్లి హాల్లో నీ నవల ఆవిష్కరణకు స్టేజీ మీద నీ పక్కన కూసోమన్నవ్. దానికే ఈ ఉత్తరం. ఫోన్ల అయితే నన్ను నవ్వించి మాట మారుస్తవ్.

నవల చదివిన. నిజాం కాలం, శామీర్‌పేటల జ్వరాలు, ఒకదిక్కు మన ముత్తాత, పర్‌దాదా హకీంసాబ్ యునానీ మందు, ఒకదిక్కు దర్బారు డాక్టర్ సూది, నడుమ దివాన్ మనుషుల కుట్రలు, గుర్రాల ఉరుకులాట. కలం మంచిగ నడిచింది.

గని పోయిన రంజాన్ల నువ్వు చదివి వినిపించినప్పుడు, డాక్టర్‌ను మెప్పించనీకి హకీంసాబ్ మందుల విషం కలిపింది దేశ్‌ముఖ్. మన పెద్దలు చెప్పిందీ అదే. అచ్చయిన పుస్తకంల మాత్రం కలిపింది గండయ్య, అడవి మందులిచ్చే బీదోడు. దేశ్‌ముఖ్ కత్తి దూసి ఊరిని కాపాడిండు. ఆ దేశ్‌ముఖ్ మునిమనుమడు గోపాలరావు ఎన్నికల్ల నిలబడుతున్నడు, ఆదివారం హాలూ భోజనాలూ ఆయనవే. ఎందుకు మార్చినవని అడిగితే, "గండయ్య తరఫున అడిగేటోడెవడు ఆపా" అని రాసినవ్. ఆ ముక్క చదివినంక రోత పుట్టింది మన్నాన్.

అడిగేటోళ్లున్నరు. గోపాలరావు మనుషులు పుస్తకం ఇంటింటికీ పంచిన్రు. గండయ్య మనుమరాలు నర్సమ్మ అవ్వ మన గల్లీలనే ఉంటదాయె. ఆమె మనుమరాలు అశ్రిత చదివి చెప్పిందట. మొన్న పొద్దుగాల్నే అవ్వ వచ్చి మన గేటు కాడ నిలబడ్డది.

"బిడ్డా, మా తాత విషం పెట్టిండా?"

"అది కథ అవ్వా."

"కథకు మా తాత అసలు పేరే కావాల్నా? మీ తమ్మునికి పేర్లు కరువైనయా?"

గేటు తీసి లోపలికి పిలిచిన. చాయ్ తాగుతవా అన్న.

"తే, తాగుత. విషం కలిపేది మా ఇంటోళ్లు గద, మీ చాయ్‌కు నాకేం భయం?"

తాగి, గ్లాసు తనే కడిగి పెట్టి పోయింది.

నిన్ను అంటున్న గని, నా మీద నాకు అంతకన్న రోత. పర్‌దాదా మందులు రాసుకున్న బయాజ్ పుస్తకం చెదలు తిన్నదని నీకు చెప్పిన. అబద్ధం. పన్నెండేండ్ల సంది నా పెట్టెలనే ఉన్నది. జ్వరం మందు పేజీ మీద ఉన్న మాటను అబ్బా "గందా నుస్ఖా" అని చదివేటోడు, మురికి మందు, పనికిరాదని పర్‌దాదా రాసుకున్నడు అనేటోడు. ఉర్దూల ద, డ రెండూ ఒక్కతీరే ఉంటయ్, మీద చిన్న గుర్తే తేడా. అబ్బా పోయినంక అద్దాలు పెట్టుకొని చూసిన. సిరా పాలిపోయింది గని గుర్తు ఉన్నది. వెనక "య్య" గూడ ఉన్నది, అబ్బా దాన్ని వట్టి గీత అనుకున్నడు.

గండయ్య నుస్ఖా.

జ్వరాలల్ల ఊరిని బతికించిందని మనం చెప్పుకునే మందు మనది కాదు మన్నాన్, గండయ్యది. హకీంసాబ్ ఆయన పేరు దాచలేదు. నేను దాచిన, మన ఇంటి ఇజ్జత్ పోతదని. నేను ఆయన మందును పెట్టెల పెట్టి తాళమేసిన, నువ్వు ఆయన చేతిల విషం పెట్టినవ్. ఇద్దరం కలిసి చేసిన పనే ఇది.

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ అయినంక బయాజ్ తీసుకపోయి నర్సమ్మ అవ్వ చేతిల పెట్టిన. ఆ పేజీ చదివి చెప్పిన. అవ్వ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా మా తాత" అన్నది.

ఆదివారం వస్త. స్టేజీ మీద గాదు, ముందు వరుసల, నర్సమ్మ అవ్వ పక్కన కూసుంట. మైకు ముందుగాల నీకే ఇస్తరు. నువ్వు నిజం చెప్పకపోతే నేను లేస్త.

ఇట్లు,
కోపంల గూడ నీకు దువా చేసే
నీ పెద్దాపా
రుఖియా